గొంగడిపల్లి ప్రాజెక్టు

ఆ సోమవారం పొద్దున దేవప్ప పంతులు తలపెట్టింది చాలా చిన్న పని. పదకొండుమంది పిల్లలను వెంటబెట్టుకుని వాగు దాకా వెళ్ళాలి. ముడులు వేసిన తాడుతో వాగు వెడల్పు వాళ్ళచేతే కొలిపించాలి. ఎండ ముదరకముందే తిరిగొచ్చి ఆ లెక్క బడి నేల మీద వేయించాలి. ఆ తర్వాత జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. ఇంతకు మించి ఆయన మనసులో ఏ దురాలోచనా లేదని ఎవరి ముందైనా ఒట్టు వేసి చెప్పవచ్చు.

ఇది 1958 నాటి ముచ్చట. తాండూరు నుంచి యాలాల్ వైపు పోయే బండ్లబాట మీద గొంగడిపల్లి అనే ఊరు ఉండేది. నూరు గడపలు కూడా లేని ఊరు. సగానికి పైగా గొర్ల కాపరుల ఇళ్ళే. అక్కడ మనుషుల కంటే జీవాలు ఎక్కువ, జీవాల కంటే మాటలు ఎక్కువ. బడి అంటే ఊరి చావడిలో ఒక గది. కూర్చోడానికి బల్లలు లేవు, పలకలు నలుగురికే ఉన్నాయి. కానీ నేలంతా తాండూరు బండ పరిచి ఉండేది, నున్నగా, నీలంగా. సుద్దతో రాస్తే అక్షరం ముత్యంలా పడేది. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్త బండ. ఆ బండల మీద బోర్లా పడుకుని ఎక్కాలు రాసినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు. ఎండాకాలం వచ్చిందంటే ఆ చల్లదనం ఇంకా పొట్టకు తగులుతున్నట్టే ఉంటుందని వాళ్ళంటారు. అలాంటి బడి మళ్ళీ దొరకదు.

దేవప్పది బషీరాబాద్ అవతల, తెలుగూ కన్నడమూ ఒకే బావిలో నీళ్ళు తోడుకునే ఊరు. తండ్రి గొర్ల కాపరి. దేవప్ప కూడా పదకొండేళ్ళ దాకా మంద వెంట తిరిగినవాడే. ఒక వానాకాలం, ఎవరో ముసలి పంతులు చెలకలో తడుస్తూ అతని గొంగడి కిందికి దూరి, అతని గొర్రె మీద ఉన్న గుర్తు చూశాడు. ఎర్రమన్నుతో గుండ్రం, నడుమ చుక్క. "ఇది మీ ఇంటి గుర్తు అనుకుంటున్నవా? ఇది అక్షరం. దీని పేరు ఠ" అన్నాడు. లోకంలో అందరూ అ నుంచి మొదలుపెడితే దేవప్ప ఠ నుంచి మొదలుపెట్టి, పంతులయ్యాడు. అందుకే పాఠం పుస్తకంలో కంటే గొర్రె వీపు మీద ముందు పుడుతుందని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి ఆ ఏడు వేసవిలో ముద్ర పడింది. వికారాబాదులో పదిహేను రోజుల శిక్షణ పెట్టారు. "పిల్లవాడి చుట్టూ పాఠం తిరగాలి గాని పాఠం చుట్టూ పిల్లవాడు తిరగకూడదు. మీరు చెప్పొద్దు, వాళ్ళచేత చేయించండి, వాళ్ళే కనుక్కుంటారు. దీన్ని ప్రాజెక్టు పద్ధతి అంటారు" అని అక్కడొకాయన చెప్పాడు. దేవప్ప ఆ మాటలు నోటుబుక్కులో రాసుకుని, తాండూరు పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, తాండూరు వచ్చేదాకా చదువుకుంటూనే వచ్చాడు.

ఆయనకు తెలియనిదల్లా ఒకటే. ప్రాజెక్టు అనే మాటను అప్పటికే వేరేవాళ్ళు వాడేసుకున్నారు. కృష్ణ మీద పెద్ద కట్ట లేస్తున్న రోజులవి. ప్రాజెక్టు అంటే కట్ట, కట్ట వెనక నీళ్ళు, నీళ్ళ కింద ఊళ్ళు. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని గొంగడిపల్లికి ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సగటు హాజరు ముప్పైకి తగ్గిన ఒంటి పంతులు బడులను దసరా తర్వాత ఎత్తివేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. గొంగడిపల్లి హాజరు పట్టీలో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి. వచ్చేది పదకొండుమంది. మిగతావాళ్ళంతా మందల వెంట. బడి ఎత్తేస్తే దగ్గరి బడి యాలాల్‌లో ఉంది, ఐదు మైళ్ళు. మగపిల్లలు ఒకరిద్దరు పోతారేమో గాని, హన్మి లాంటి పిల్లలు పోరు. హన్మి బీరయ్య కూతురు, పదేళ్ళది. కాలిలో ముల్లు విరిగి మంద వెంట నడవలేక బడికి వచ్చింది. ముల్లు తీసి రెండు నెలలైనా నాయనమ్మ కంటపడినప్పుడల్లా కుంటుతూనే ఉంది. ఆ కుంటు చూసినప్పుడల్లా దేవప్పకు నవ్వు వచ్చేది, మరుక్షణం పైనుంచి వచ్చిన కాగితం గుర్తుకొచ్చేది. ఈ పిల్లను దసరా దాటించాలి. ఆయనకున్న తపనంతా ఇదే.

ఇక వాగు దగ్గర. పిల్లలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు పట్టారు. కొలిచిన చోటు గుర్తుండాలని నాలుగు కట్టెలు పాతి, వాటికి దేవప్ప పాత ఎర్ర రుమాలు చింపి కట్టారు. అప్పుడు వచ్చింది హన్మి నాయనమ్మ బుగ్గమ్మ, చేతిలో ఉన్ని వడికే కదురు తిప్పుకుంటూ. ఆ కదురు మొగుడు పోయిన రోజు కూడా ఆగలేదని ఊళ్ళో చెప్పుకునేవారు.

"ఏం కొలుస్తున్నరే పిల్లా?"

"వాగు, అవ్వా. ఎంత వెడల్పున్నదో చూస్తున్నం" అంది హన్మి, గుర్తొచ్చి ఒక కాలు మీదికి ఒరిగి.

"నన్నడిగితె నేను చెప్పకపోదునా? ఎండకాలం రెండు అంగలు, వానకాలం పది. ఎందుకొరకు కొలుసుడు?"

"ప్రాజెక్టు, అవ్వా. సారు జేపిస్తుండు. గీ వాగుకాడికెల్లి షురూ. మల్ల మన ఊరంత అండ్లకే వస్తది."

బుగ్గమ్మ కదురు ఆగింది.

ఆమె తిన్నగా కిష్టప్ప దగ్గరికి పోయింది. కిష్టప్ప ఎడ్లబండి మీద బండలు తోలుకుని వారానికి రెండుసార్లు తాండూరు స్టేషనుకు పోయి వస్తాడు. స్టేషను దగ్గరి హోటల్లో చాయ్ తాగుతాడు. కనుక లోకజ్ఞానం అంతా ఆయన బండిలోనే ఊరికి దిగుమతి అయ్యేది.

"ప్రాజెక్టంటె ఏందిర కిష్టప్పా?"

"కట్ట గడ్తరు, చిన్నమ్మా. నీళ్ళు ఆపుతరు. ఎనకాల ఊర్లుంటె మునుగుతయి" అన్నాడు కిష్టప్ప, ఎడ్ల మెడలు తడుముతూ. "ముందుగాల తాళ్ళు వట్టుకొని వచ్చి వాగు కొలుస్తరట. ఎర్ర జెండలు పాతుతరట. మల్ల ఇంటింటికి తిరిగి ఎందరున్నరు, ఏమున్నయి అని రాసుకుంటరట. గా రాసుకునుడు అయిందంటె ఊరు పాయె."

"జెండలు పాతిన్రు" అంది బుగ్గమ్మ.

కిష్టప్ప చెయ్యి ఎద్దు మెడ మీదే ఉండిపోయింది. అతను జన్మలో ప్రాజెక్టును చూసినవాడు కాదు. కానీ తన మాట ఇంత తొందరగా నిజం కావడం చూసి అతనికే భయం వేసింది.

పుకారుకు కాళ్ళు ఉండవంటారు గాని గొంగడిపల్లిలో దానికి పరుగు కూడా వచ్చు. మంగళవారం పొద్దున దేవప్ప తన పథకంలో రెండో పాఠం తీశాడు. పిల్లలు జంటలుగా ఇంటింటికీ పోయి, ఇంట్లో ఎందరు, జీవాలెన్ని, ఇల్లు ఎప్పుడు కట్టారు అని అడిగి రాసుకురావాలి. కూడికలు, తీసివేతలు, ఊరి చరిత్ర, అన్నీ ఒకే దెబ్బకు. నోటుబుక్కులో దాని పక్కన 'చాలా ముఖ్యం' అని గీత గీసుకున్నాడు పాపం.

మొదటి ఇల్లు జంగమ్మది. ఆమె గడపలో నిలబడే ఉంది.

"అత్తా, మీ ఇంట్ల ఎందరున్నరు?" అని అడిగింది హన్మి.

"ఎవ్వరు లేరు."

"నువ్వున్నవు గదా?"

"నేను గుడ లేను. గట్లనే రాసుకో."

హన్మి సున్న చుట్టింది. పై ఇంట్లోనూ సున్నే. ఆ పై ఇంట్లో ఒక ముసలాయన మాత్రం మంచం మీదినుంచి, "నేనున్న బిడ్డా, నన్ను ముంచినా ఫికర్ లేదు" అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియక పిల్లలు ఒకటి వేసుకున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మందలన్నీ ఏ అలికిడీ లేకుండా గుట్టల మీదికి తోలుకుపోయారు. సాయంత్రం బడి బండ మీద పిల్లలు వేసిన మొత్తం చూసి దేవప్ప కళ్ళు నులుముకున్నాడు. తొంభై రెండు ఇళ్ళు, మనుషులు పంతొమ్మిదిమంది, గొర్లు నాలుగు.

"నాలుగేనా?"

"గవి గుడ కుంటివి, సార్. గుట్టెక్కలేకపోయినయి" అన్నారు పిల్లలు.

దేవప్ప తల పట్టుకున్నాడు. కానీ మరుక్షణమే తనను తాను తిట్టుకున్నాడు. గొర్ల కాపరి కొడుకై ఉండి ఇంత చిన్న సంగతి ఎలా మరిచాడు? కాపరులు జీవాలను లెక్కపెట్టరు. ముఖాలు చూసి గుర్తుపడతారు. నోటితో ఎంచితే దిష్టి తగిలి మంద తగ్గుతుందని వాళ్ళ భయం. తన తండ్రి కూడా నూట పది గొర్రెలను కళ్ళతో తడిమేవాడే గాని ఒకటి, రెండు అనేవాడు కాదు. ఎంచడం మొదలుపెట్టి వాళ్ళ మనసు నొప్పించానని ఆయన అనుకున్నాడు. అనుకుని, ఎవరికీ దిష్టి తగలని మూడో పాఠానికి దిగాడు. ఆ మూడోదే కొంప ముంచింది.

బుధవారం చావడి ముందు పిల్లలు మట్టి తొక్కి ఊరి నమూనా కట్టారు. బండ ముక్కలు నిలబెట్టి గుట్టలు చేశారు. వేలెడంత ఇళ్ళు, ముళ్ళకంచెల దొడ్లు, ఊరి పక్కన వాగు. ప్రతి ఇంటికీ గుమ్మం ఏ దిక్కున ఉందో హన్మికి తెలుసు. ఎంత అందంగా కుదిరిందంటే దేవప్ప దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నీళ్ళు ఎటు పారతాయో చూపించడానికి ఒక బిందెడు ఆ మట్టి వాగులో పోయించాడు. పారుతున్న నీళ్ళు చూస్తే పిల్లల చేతులు ఊరుకుంటాయా? ఇద్దరు కలిసి ఒక బండ ముక్క అడ్డం పెట్టారు. మిగతావాళ్ళు తీసెయ్యమని అరిచారు.

"తియ్యకున్రి. ఏమైతదో మీరే చూడున్రి" అన్నాడు దేవప్ప. చెప్పొద్దు, వాళ్ళే కనుక్కుంటారు. వికారాబాదు మాట.

సరిగ్గా అప్పుడు బుగ్గమ్మ నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. సంగతేమిటో పంతులునే ముఖాన అడిగేద్దామని వచ్చింది. వచ్చి చూసేసరికి వాగు వెనక్కి తన్నింది. నీళ్ళు మొదట దొడ్లలోకి, తర్వాత గుమ్మాల్లోకి, ఆ తర్వాత కప్పుల మీదికి వచ్చాయి. గొంగడిపల్లి చూస్తుండగానే బురదైపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూస్తివా అవ్వా, అడ్డం కట్టితె ఎట్లెక్కినయో?" అన్నాడు దేవప్ప, ముఖం వెలిగిపోతూ. "అంత పిల్లలే జేసిన్రు. నేనేం చెప్పలే."

బుగ్గమ్మ ఆ నీళ్ళకేసి చూసింది. "మా ఇల్లేడుండె, సారూ?" అని మెల్లగా అడిగింది.

"గాడ, గా బుడగలొస్తున్న కాడ."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి మళ్ళారు. బుగ్గమ్మ కొడుకు బీరయ్య దొడ్డిలో అదే సాయంత్రం ఊరు కూడింది. పంతులును రెండు తగిలించాలని కొందరన్నారు.

"సారు మంచోడు" అంది బుగ్గమ్మ. "సర్కారు జెప్పింది, ఆయన జేస్తుండు. మోసం జెయ్యాలనుకుంటె గుట్టుగ జేస్తుండె. మనకు ముందుగాలనే మట్టిల చూపిచ్చిండు. గంత ధర్మం ఎవరు జేస్తరు?"

మర్నాడు కిష్టప్ప బండలతో పాటు ఊరి కష్టాన్నీ బండికెత్తుకుని తాండూరు పోయాడు. కచేరి ముందు అర్జీలు రాసే ఒక ముసలాయన పాన్ నములుతూ అంతా విన్నాడు. విని ఉపాయం చెప్పాడు. కిష్టప్ప ఆ ఉపాయాన్ని దారిలో ఎక్కడా ఒలకకుండా తెచ్చి ఊరి ముందు పెట్టాడు.

"సర్కారుది ఏదన్న ఉన్న ఊరిని ముంచుడు ఆసాన్ కాదట. ఠాణనో, దవఖాననో, బడో ఉండాలె. ఒక కచేరిని ఇంకో కచేరి ముంచాలంటె దస్కతులు గావాలెనట. గా దస్కతులు మన మనుమల జమానల గుడ కావట. కని ఉత్త బడి ఉంటె సాలదు, నిండుగ నడిచే బడి ఉండాలె."

శుక్రవారం పొద్దున దేవప్ప తాళంచెవి పట్టుకుని చావడి మలుపు తిరిగి, తప్పు ఊరికి వచ్చానేమోనని ఆగిపోయాడు. చావడి అరుగు నిండా పిల్లలు. నూనె రాసి దువ్విన తలలు, మోకాళ్ళ దాకా వేలాడే అన్నల అంగీలు. అక్కల చంకల్లో పాపాయిలు. ముందు వరసలో బీరయ్య తమ్ముడు బీరన్న కూర్చుని ఉన్నాడు. వాడికి మీసాలు మొలిచి మూడేళ్ళయింది.

"నీ వయసెంత?" అని అడిగాడు దేవప్ప.

"మీరెంత రాసుకుంటె గంత, సార్" అన్నాడు బీరన్న వినయంగా.

లెక్కపెడితే అరవై ఒక్కమంది. బుగ్గమ్మ స్వయంగా హన్మి చెయ్యి పట్టుకుని తెచ్చి దిగబెట్టింది. హన్మి ఆ రోజు కుంటడం మానేసింది. దేవప్ప గోడవైపు తిరిగి నల్లబల్ల తుడుస్తున్నట్టు నటిస్తూ ఏడ్చాడు. మూడు రోజుల్లో ఏ పద్ధతి ఇంత పని చేసింది? ప్రాజెక్టు పద్ధతి. ఆయన ఆ సాయంత్రమే వికారాబాదుకు ఉత్తరం రాశాడు. 'పదకొండు నుంచి అరవై ఒకటి. తల్లిదండ్రులే చేయి పట్టి తెచ్చి దిగబెడుతున్నారు. ఊరు ఊరంతా ప్రాజెక్టును తలుచుకుంటోంది.' ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

తర్వాతి మూడు వారాలను మాత్రం తలుచుకుంటే ఈనాటికీ కడుపు నిండినట్టుంటుంది. పిల్లలు మందలను బడి చుట్టే మేపుకుంటూ వంతులవారీగా లోపలికి వచ్చేవాళ్ళు. ఏ ఇంటి గొర్రె మీద ఏ గుర్తుందో బండ మీద వేసి, ఆ గుర్తుల నుంచి అక్షరాలు లాగేవాళ్ళు. గొంగడి నేతలో లెక్కలు, ఉన్ని కత్తిరింపులో తూకాలు, గుట్ట నీడలో పొద్దు గడియారం. బీరన్న కూడా ఠ నేర్చుకుని, కనిపించిన బండ మీదల్లా దాన్నే రాశాడు. తెలియని సంగతి పిల్లలు పంతులును అడిగితే, "పోయి కొలిచి రా" అనేవాడు ఆయన. పిల్లలు పోయి, కొలిచి, వచ్చి ఆయనకే చెప్పేవాళ్ళు. బడి అంటే అలా ఉండాలి.

ఇంతలో వికారాబాదు నుంచి జవాబు వచ్చింది. బడుల డిప్యూటీ ఇనస్పెక్టరు అరుణాదేవి స్వయంగా చూడడానికి వస్తున్నారు.

ఆమె వచ్చే రోజు పొద్దున్నే హన్మి నేల తుడుస్తూ ఒక మాట అడిగింది.

"సార్, నీళ్ళొచ్చినా మన బడి మునగది గదా? బడి ఉన్నందుకే ఊరిని ఇడిచిపెడ్తరట గదా?"

"ఏం నీళ్ళు?" అన్నాడు దేవప్ప.

హన్మి చెప్పింది. ఎర్ర జెండాలు, కిష్టప్ప, జంగమ్మ సున్న, మట్టి ఊరు, అర్జీల ముసలాయన, అంతా చెప్పింది. దేవప్ప ఉన్నచోటనే బండ మీద కూలబడ్డాడు. అరవై ఒకటి తన పద్ధతికి రాలేదు, వరద భయానికి వచ్చింది. నిజం చెబితే రేపటి నుంచి మళ్ళీ పదకొండు, దసరాకు బడి తాళం, హన్మి మంద వెంట. చెప్పకపోతే? నిజమేమిటో కొలిచి చూసుకొమ్మని పిల్లలకు మూడు వారాలుగా చెబుతున్నవాడు ఊరంతటికీ అబద్ధం తినిపించినట్టే. తేల్చుకునేలోపే జీపు చప్పుడు వినిపించింది.

అరుణాదేవిది కోస్తా వైపు. కళ్ళద్దాలు, నూలుచీర, మాటలో మర్యాద. ఆమె బడి చూసింది, బండల మీద అక్షరాలు చూసింది, బీరన్న మీసాలు కూడా చూసి ఊరుకుంది. బయటికి వచ్చేసరికి ఊరంతా జీపు చుట్టూ మూగి ఉంది. ఆమె మనసు పొంగిపోయింది.

"మీ ఊళ్ళో ప్రాజెక్టు బ్రహ్మాండంగా సాగుతోందండీ" అంది.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఇది మొదలు మాత్రమే. వచ్చే ఏడాది ఇంకా లోతుకు పోవాలి. ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా మిగలకూడదు. పిల్లలూ పెద్దలూ అంతా అందులో మునిగిపోవాలి."

వెనకనుంచి జంగమ్మ ఏడుపు అందుకుంది. బుగ్గమ్మ వచ్చి జీపు ముందు నేల మీద కూర్చుంది.

"దొరసానీ, ముందుగాల గీ బండి నా మీదికెల్లి పోనియ్యి. నీళ్ళల్ల ఊపిరాడక సచ్చుడు నాతోని కాదు."

అరుణాదేవి బిత్తరపోయి దేవప్పకేసి చూసింది. "ఏమిటండీ ఈవిడ అనేది?"

దేవప్ప తల తిప్పాడు. హన్మి చావడి అరుగు మీద నిలబడి తననే చూస్తోంది. ఆ పిల్ల చూపు ముందు అబద్ధం నిలిచేది కాదు. ఆయన జనం వైపు తిరిగాడు.

"వినున్రి. కట్ట లేదు, నీళ్ళు లేవు. ప్రాజెక్టంటె పాఠం. పిల్లలు చేసి నేర్చుకునే పాఠం పేరు గది. జెండలు నా రుమాలువి. తప్పు నాది, మాట ఇడమరిచి చెప్పలే. గొంగడిపల్లి మునగదు. బడికి భయంతోని పంపే అక్కెర మీకు లేదు."

"ఆయన చెప్పింది నిజమేనమ్మా" అంది అరుణాదేవి. "నేను కూడా చెబుతున్నాను. ఇక్కడ ఏ ఆనకట్టా రావడం లేదు."

ఊరు ఊపిరి వదిలింది. ఎవరో నవ్వారు, ఇంకెవరో కిష్టప్పను తిట్టారు. బుగ్గమ్మ లేచి, చీర దులుపుకుని, దొరసానికి చెంబుతో మజ్జిగ తెప్పించింది. పది నిమిషాల్లో అరుగు సగం ఖాళీ అయ్యింది. బీరన్న అందరికంటే ముందు పోయాడు.

అరుణాదేవి పట్టీ తెరిచి కలం పట్టుకుంది. "దేవప్ప గారూ, రేపు ఎంతమంది వస్తారంటారు?"

"పదకొండుమంది, మేడం. తొమ్మిదే కావచ్చు."

ఆమె కలం మూసింది. "ఇవాళ్టి అంకె వేస్తే అది మీరు సంపాదించింది కాదు. ఈ రాత్రికి తాండూరు బంగళాలో ఉంటాను. రేపు పొద్దున వస్తాను. ఎంతమంది ఉంటే అంతే రాస్తాను. అన్యాయం చేస్తున్నానంటారా?"

"న్యాయమే, మేడం" అన్నాడు దేవప్ప. న్యాయమే గనుక ఆయనకు ఇంకా బాధ వేసింది.

మర్నాడు ఆయన పొద్దు పొడవకముందే లేచి నేల తుడిచాడు. ఖాళీ బండలు తళతళలాడుతున్నాయి. అరుగు మీద కూర్చుని బాటవైపు చూడడానికి కూడా మనసొప్పక తలవంచుకున్నాడు. ముందు హన్మి వచ్చింది. వెనక మరో ఇద్దరు. ఆ వెనక ఒక గుంపు. జంగమ్మ తన ముగ్గురితో పాటు చెల్లెలి కొడుకును కూడా తెచ్చింది. చివరికి బీరన్న, మీసాలు గొరిగించుకుని వచ్చాడు. జీపు వచ్చి ఆగేసరికి అరవై నలుగురు బోర్లా పడుకుని రాస్తున్నారు.

అరుణాదేవి లోపల లెక్కపెడుతుంటే దేవప్ప బయట బుగ్గమ్మను పట్టుకున్నాడు. "అవ్వా, మల్ల ఎందుకు వచ్చిన్రు? కట్ట లేదని నిన్ననే చెప్తి గదా?"

"నిన్న పొద్దుగూకంగ నేను ఇల్లిల్లు తిరిగిన, సారూ" అంది బుగ్గమ్మ కదురు తిప్పుతూ. "ఇద్దరు సర్కారోళ్ళు నిలవడి లేదు లేదని గంత గట్టిగ జెప్పిన్రంటె, ఉన్నదన్నట్టే అని జెప్పిన. అందరు నమ్మిన్రు."

"నువ్వు గూడ నమ్మినవా?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గా వాగుల మోకాలు మునగది, ఊరేం మునుగుతది? నువ్వు మాట్లాడంగనే నాకు ఎరుకైంది. కని నిన్న మజ్జిగ పోసి ఇంటికి పోతె, పొయ్యికాడ బండ మీద హన్మి ఏందో రాస్తుంది. ఏందే అంటె, 'నీ పేరు, అవ్వా' అన్నది. అరవై ఏండ్లాయె పుట్టి. నా పేరు గంత పొడుగుంటదని నాకు తెల్వనే తెల్వదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు ఊరికి మల్ల నిజం జెప్పవోకు, సారూ. జర నీకు పుణ్యముంటది."

దేవప్ప తలుపులోంచి, బండ మీద పడుకుని రాస్తున్న హన్మిని చూశాడు. చెప్పాల్సిన నిజం ఊరంతటి ముందూ చెప్పేశాడు. నమ్మకపోతే తానేం చేయగలడు? ఆ ఊళ్ళో మొదటిసారి ఆయనకు పిల్లల చేత కాకుండా పెద్దల చేత పాఠం చెప్పించుకున్నట్టు అనిపించింది. లోపల అరుణాదేవి పట్టీలో అరవై నాలుగు అని అంకెలోనూ అక్షరాల్లోనూ వేసి, కారణం అని ఉన్నచోట 'ప్రాజెక్టు పద్ధతి' అని రాసి, సంతకం పెట్టింది.

దసరా సెలవుల తర్వాత బడి మళ్ళీ తెరిచారు. హన్మి కుంటకుండా వచ్చింది. ఏడాది తిరిగేసరికి సర్కారు రెండు గదుల ఇటుకల బడి కట్టించింది, దానితో, బడి నిజంగా ఊరిని కాపాడుతుందా అని ఊరికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

గొంగడిపల్లి ఇప్పటికీ మునగలేదు, కనుక బడి మహిమను కాదనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.